అడిగే కుర్చీలో ఇరవై రెండేళ్లు, చెప్పే కుర్చీలో నాలుగు నెలలు

మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకోవడం నా ఉద్యోగం. మా రోజుల్లో దాన్ని పర్సనెల్ డిపార్ట్‌మెంటు అనేవారు, ఇప్పుడు హెచ్.ఆర్. అంటున్నారు. పేరు మారింది గానీ ప్రశ్న మారలేదు: "పాత ఉద్యోగం ఎందుకు మానేశారు?" ఈ ప్రశ్న నేను ఇరవై రెండేళ్లు అడిగాను. తర్వాత నాలుగు నెలలు నేనే జవాబు చెప్పుకున్నాను. ఆపైన మళ్లీ పదకొండేళ్లు అడిగాను. ఆ నాలుగు నెలల్లో నేర్చుకున్నంత మిగతా ముప్ఫై మూడేళ్లలో నేర్చుకోలేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. రెండు వచ్చాయి. రెండూ నా పైవాడు వెళ్లిపోతే వచ్చినవే.

నా గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. మాది చీపురుపల్లి దగ్గర ఒకప్పటి చిన్న జమీ. పద్నాలుగు ఊళ్లు ఉండేవి. నేను పుట్టేనాటికి ఊళ్లు లేవు, గుర్రం లేదు, ప్రహరీ గోడ లేదు. గేటు ఉంది. రెండు రాతి స్తంభాల మధ్య ఇనుప గేటు. అటూ ఇటూ గోడ పడిపోయింది కాబట్టి మేకలు, కూరలమ్మేవాళ్లు, బంధువులు అందరూ పక్కనుంచే వచ్చేస్తారు. మేం మాత్రం గొళ్లెం తీసి, గేటు తోసి, లోపలికి అడుగుపెట్టి, మళ్లీ గొళ్లెం పెడతాం. వాన కురుస్తున్నా అంతే. దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. నవ్వుకోనివ్వండి.

మా వంశంలో ఉద్యోగంలో చేరిన మొదటివాణ్ని నేనే. కాబట్టి మానేసిన మొదటివాణ్ని కూడా నేనే.

ఏడు పండగల ఫిట్టరు

విజయనగరం వైపు ఒక జూట్ మిల్లులో అసిస్టెంటుగా చేరాను. మా మేనేజరు పట్నాయక్ గారు ఇచ్ఛాపురం మనిషి. ఇంటర్వ్యూల్లో కళ్లు మూసుకుని కూర్చునేవారు. నిద్రపోతున్నారనుకునేవాణ్ని. ప్రశ్నలు నేను అడిగేవాణ్ని.

ఒకరోజు సూరిబాబు అనే ఫిట్టరు వచ్చాడు. చేతి పని చూస్తే బంగారం. కాగితం చూస్తే ఏడు ఉద్యోగాలు మానేశాడు.

"మొన్నటి ఉద్యోగం ఎందుకు మానేశావు?" అన్నాను.

"అమ్మోరి పండగ బాబూ."

"దాని ముందుది?"

"అదీ పండగే. మా అత్తోరూరిది."

"దానికి ముందు?"

"అది మా సెల్లి అత్తోరూరు బాబూ. పుట్టింటోళ్లు ఎల్లకపోతే దాని మొకం ఎలాగుంటాది? సెలవు అడిగితే ఇయ్యనన్నారు. మానీసినాను. మానీడానికి ఎవుల పర్మిసనూ అక్కర్లేదు గదా."

మా వైపు గ్రామదేవత పండగంటే ఒక్క పూట వ్యవహారం కాదని తెలియనివాళ్లకి చెబుతున్నాను. కొన్నేళ్లకోసారి వస్తుంది. వస్తే ఊరు ఊరంతా కదులుతుంది. ఎక్కడెక్కడి చుట్టాలూ దిగుతారు. వెళ్లనివాడి పేరు మళ్లీ పండగ వచ్చేదాకా చెప్పుకుంటారు. ఇదంతా నాకూ తెలుసు. అయినా, కొత్తగా టై కట్టుకున్నవాణ్ని కాబట్టి, ఫారం మీద "బాధ్యత లేదు" అని రాశాను.

పట్నాయక్ గారు కళ్లు తెరిచారు. కాగితం తీసుకుని ఆ మాట కొట్టేశారు.

"ఏడు ఊళ్ల బాధ్యత నెత్తినేసుకుని తిరుగుతున్నాడు. వాడికి బాధ్యత లేదంటావేమయ్యా?"

తర్వాత సూరిబాబు వైపు తిరిగి, వచ్చే అయిదేళ్లలో ఏ ఊరి పండగ ఎప్పుడో చెప్పమన్నారు. అతను వేళ్లు మడుస్తూ చెప్పాడు, నన్ను రాసుకోమన్నారు. ఆ కాగితం గోడకి అంటించాం. సూరిబాబు రిటైరయ్యేదాకా మా దగ్గరే చేశాడు. పండగకి వెళ్లే ముందు వారమంతా తన పని ఇద్దరికి నేర్పి వెళ్లేవాడు. అలా నేర్పినవాణ్ని ఆ మిల్లులో ఇంకొకణ్ని నేను చూడలేదు.

నా మొదటి తప్పు అది. మానేసిన కారణం చిన్నదిగా కనిపిస్తే మనిషి కూడా చిన్నవాడే అనుకున్నాను.

క్యారేజీ

పట్నాయక్ గారి తర్వాత ఆయన కుర్చీలోకి నేను వచ్చాను. కుర్చీ అన్నది మాటవరసకి. నిజానికి ఆయన కుర్చీ పక్కన పెట్టించి మా తాతగారి కుర్చీ తెచ్చుకున్నాను. రోజ్‌వుడ్డు. వీపు మీద రెండు చిలకలు చెక్కి ఉంటాయి, ఒకదానికి ముక్కు విరిగింది. తాతగారు అందులో కూర్చునే తగువులు తీర్చేవారు. మిల్లు లారీలో గోనె సంచుల మధ్య దాన్ని తెప్పించాను. నన్ను కలవడానికి వచ్చినవాళ్లకి స్టూలు ఉండేది.

ఆ రోజుల్లోనే ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఇంటర్వ్యూ కోచింగు సెంటరొకటి వెలిసింది. పాత ఉద్యోగం ఎందుకు మానేశావంటే ఏం చెప్పాలో అక్కడ ఒకే వాక్యం నేర్పేవారు: "నా సామర్థ్యానికి తగిన విస్తృతమైన అవకాశాల కోసమండి." ఒక ఉదయం వరసగా ఆరుగురు ఆ వాక్యం అప్పజెప్పారు. ఒకతను "విస్తృతమైన" దగ్గర ఆగిపోయి, బయట కూర్చున్నవాళ్లకేసి చూశాడు. వాళ్లు అందించారు.

ఏడో మనిషి పొందూరు నుంచి వచ్చిన అమ్మాయి, పేరు గౌరి. కూలీల హాజరు రాసే టైము ఆఫీసులో క్లర్కు ఉద్యోగానికి వచ్చింది. నేను ప్రశ్న అడిగేలోపే తను అడిగింది.

"సార్, నాను కూడా అదే సెప్పాలా?"

"నిజం చెప్పు. ఒక్క ముక్కలో చెప్పు."

"మా మేనేజరు రోజూ నా క్యారేజీ తినీసేవోడు సార్."

"రోజూనా?"

"శనివారం ఉపాసం. ఆ రోజు పెరుగన్నం వరకే తినేవోడు."

"నువ్వేం అనలేదా?"

"అన్నాను సార్. ఉప్పు తక్కువైందని నన్నే తిరిగి అన్నాడు."

ఉద్యోగం ఇచ్చాను. జాలితో కాదు. ఒక మనిషి కూడు అడక్కుండా ముట్టుకోవడం ఎంత పెద్ద తప్పో మా ఇంట్లో పుట్టినవాడికి వేరే చెప్పక్కర్లేదు. పైగా ఆ అమ్మాయి ఒక్క ముక్కలోనే చెప్పింది.

చనిపోయిన పెద్దాయన

మిల్లుకి కొత్త జనరల్ మేనేజరు వచ్చారు. ఊరు కొత్త, మనిషి చురుకు. ఆఫీసులో అందరికీ ఒకే రకం తిరిగే కుర్చీలుండాలని ఆర్డరు వేశారు. నేను సంతకం పెట్టి ఫైల్లో పెట్టేశాను. ఆర్డర్లు నాలాంటివాళ్లకి కాదని నా నమ్మకం.

అదే నెలలో మా ఊరి అమ్మవారి పండగ వచ్చింది. మొదటి ఘటం మా ఇంటి నుంచే కదలాలి. రెండు వారాలు సెలవు పెట్టాను. తిరిగి వచ్చిన రోజు మిల్లు గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఉన్నాడు. నేను సెలవులో ఉన్నప్పుడు చేరినవాడు. పేరు అప్పన్న. మా తాతగారి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. విరిగిన చిలక ముక్కుకి తన టిఫిను సంచి తగిలించాడు.

నేను అలా నిలబడి చూస్తుంటే నన్ను పలకరించాడు.

"ఏటి బాబూ అలా సూస్తన్నారు? ఎండలో వొచ్చినారు, కాసేపు కూకుంటారేటి? మా మంచి కుర్సీ. పదేళ్ల నుంచున్న నడుం నొప్పి వారంలో ఎగిరిపోనాది."

"ఇది ఎవరిది?" అన్నాను.

"లోపల ఎవులో పెద్దాయన పోయారట బాబూ. ఆయన కుర్సీ బయట పెట్టీసినారు."

ఆ పోయిన పెద్దాయన్ని నేనే. లోపలికి వెళ్లాను. నా గదిలో నల్లటి తిరిగే కుర్చీ ఉంది. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. నిలబడే రాజీనామా రాశాను. ఒకే వాక్యం: "కారణం తమకు విదితమే."

జనరల్ మేనేజరు చదివి తలెత్తారు.

"ఏం కారణమండీ?"

"తమకు తెలుసు."

"నాకు తెలియదే."

"తెలియాలి."

ఆయన పాపం నిజంగానే తెలుసుకోవాలనుకున్నారు, ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం సంజాయిషీ ఇచ్చుకోవడం మా ఇంట పద్ధతి కాదని చెప్పి, గొడుగు తీసుకుని బస్సెక్కేశాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ సుభద్ర కూడా అదే అడిగింది. ఆమెకీ అదే జవాబు చెప్పాను. ఆమె వెంటనే తమ్ముడికి ఫోను చేసింది.

పలాస ప్రమాదం

మా బావమరిది సింహాద్రికి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. వాళ్ల తాతగారు మా తాతగారి గుర్రానికి దాణా సరఫరా చేసేవారు. గుర్రం పోయింది, చుట్టరికం మిగిలింది. సింహాద్రి మనసు మంచిది, గొంతు పెద్దది. కారు వేసుకుని వచ్చాడు. వస్తున్నాడని నేను వెళ్లి గేటు తీసి పట్టుకుని నిలబడ్డాను. అతను గేటు పక్కనుంచి, గోడ ఉండాల్సిన చోటు నుంచి, నేరుగా వసారా దాకా తోలుకొచ్చేశాడు.

"బావా! ఇక్కడ ఎవులింటోనూ సెయ్యి సాపకు. మా పేక్టరీలో సూపర్‌వైజరు పోస్టు కాళీ. పప్పు గ్రేడింగు సేసే ఆడోళ్లు నూటపాతికమంది. ఎవులూ మాట ఇనరు. నువ్వు నోరు ఇప్పకుండా నిలబడితే సాలు, బయపడతారు."

"నేను వేరే చోట చూసుకుంటాను సింహాద్రీ."

"సూసుకో. నాగులచవితి దాకా సూసుకో. ఆ రోజు కారు అంపుతాను. బట్టలు సర్దీసి ఉంచక్కా!" అన్నాడు, చివరి మాట వాళ్లక్కతో.

నాకు నలభై తొమ్మిదేళ్లు. దాణా సరఫరా చేసినవాళ్ల మనవడి దగ్గర జీడిపప్పు బద్దలు ఏరించాలి. అది తప్పించుకోవడానికి నాలుగు నెలల గడువు. నేనేం భయపడ్డానో ఇప్పటి పిల్లలకి అర్థం కాకపోవచ్చు. అర్థం కాకపోతే అదృష్టవంతులు.

నా మూడు జవాబులు

మొదటి ఇంటర్వ్యూలో, "ఎందుకు మానేశారు?" అని అడిగినతను మా గౌరి కంటే చిన్నవాడు. "అది మీకు అనవసరం," అన్నాను. మూడు నిమిషాల్లో బయట ఉన్నాను. అదే జవాబు నాకెవరైనా చెప్పుంటే నేను రెండు నిమిషాల్లో పంపేసేవాణ్ని.

రెండోది ఒక చక్కెర ఫ్యాక్టరీ. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కోచింగు సెంటరు వాక్యమే చెప్పాను. విస్తృతమైన అవకాశాలు. అవతలి పెద్దమనిషి నా పుట్టినతేదీ చూసి, కళ్లజోడు తీసి, "ఇంకా ఎంత విస్తరిస్తారండీ?" అన్నాడు.

మూడోది ఒక ప్రైవేటు కాలేజీ. ఇక నిజమే చెబుదామని నిర్ణయించుకున్నాను. చెప్పాను. కుర్చీ, రోజ్‌వుడ్డు, చిలకలు, చెక్కిన వడ్రంగి, అతని కొడుకు, తాతగారు తీర్చిన తగువుల్లో ముఖ్యమైనవి మూడు. నలభై నిమిషాలు పట్టింది. కరస్పాండెంటు చాలా శ్రద్ధగా విన్నారు. చివర్లో ముందుకి వంగి, "అమ్ముతారా?" అన్నారు.

ఆ సాయంత్రం గౌరి ఫోను చేసింది. నేను మిల్లు వదిలాక కూడా వారానికోసారి చేసేది. జరిగింది చెప్పాను. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"సార్, నన్ను ఏటి అడిగారు మీరు? ఒక్క ముక్కలో సెప్పమన్నారా లేదా?"

"అన్నాను."

"నాను క్యారేజీ అన్నాను. అందులో ఏ కూరుందో సెప్పానా? మా అమ్మ ఎలా వండిందో సెప్పానా? ఇప్పుడు నాను మేనేజర్ని. మీరు స్టూలు మీద కూకున్నారు. ఎందుకు మానీసినావు?"

"ఏకవచనమా?"

"మీరు నన్ను అలాగే అడిగారు సార్."

నిజమే. అడిగినప్పుడు వినపడలేదు, అడిగించుకున్నప్పుడు వినపడింది. ఆ అమ్మాయి నాచేత పదకొండుసార్లు చెప్పించింది. తొమ్మిదో సారి తాతగారు పోయారు. పదో సారి చిలకలు పోయాయి. పదకొండోసారికి ఒక వాక్యం మిగిలింది.

తవుడు నూనె

నాగులచవితికి అయిదు రోజులుంది. ఆమదాలవలస దగ్గర ఒక తవుడు నూనె ఫ్యాక్టరీలో పర్సనెల్ మేనేజరు కావాలన్నారు. ప్యాసింజరు బండిలో వెళ్లాను. ఫ్యాక్టరీ పెద్ద మాధవి గారని, ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. గదిలో అన్నీ ఒకే రకం కుర్చీలు. నాకిచ్చింది కూడా అదే.

"పాత ఉద్యోగం ఎందుకు మానేశారండీ?"

"నేను సెలవులో ఉండగా నా కుర్చీ తీసి గేటు దగ్గర పెట్టారండి. మానేశాను."

ఆమె కలం ఆగింది.

"అక్కడ ఎన్నేళ్లు చేశారు?"

"ఇరవై రెండు."

"ఇప్పుడు ఆ కుర్చీ ఎక్కడుంది?"

ఆ ప్రశ్నకి గౌరి నన్ను తయారు చెయ్యలేదు. నేనూ ఆ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు.

"అక్కడే ఉందండి. వాచ్‌మన్ దగ్గర."

"తెచ్చుకోలేదా? ఎందుకు?"

ఏదో ఒకటి చెప్పాలి. నోటికి వచ్చింది చెప్పాను. "అతనికి నడుం నొప్పి తగ్గిందన్నాడండి."

ఆమె తల వంచుకుని ఏదో వెతుకుతున్నట్టు సొరుగు లాగింది. భుజాలు కదులుతున్నాయి. కాసేపయ్యాక సొరుగు మూసి, కళ్లు తుడుచుకుని అంది: "అయితే మీరు కుర్చీ కోసం మానేయలేదు సార్."

నేను చాలాసేపు ఆలోచించాను. ఇంటర్వ్యూలో అంతసేపు ఆలోచించకూడదు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

"నన్నెవరూ అడగలేదండి," అన్నాను. "అడిగుంటే నేనే ఇచ్చేసేవాణ్నేమో."

ఆమె ఫారం మీద ఏదో రాసింది. ఇరవై రెండేళ్లు బల్లకి అవతల కూర్చున్నవాణ్ని, తలకిందులుగా ఉన్న రాత చదవడం నాకు చెయ్యి తిరిగిన పని. మూడే మాటలు: "అడిగి చేస్తే ఉంటారు."

పదకొండేళ్లు ఉన్నాను.

నాగులచవితి నాడు సింహాద్రి కారు అంపలేదు, తనే వచ్చాడు. కారు మీద తాళ్లతో కట్టిన కుర్చీ ఒకటి ఉంది. ఉద్యోగం దొరికిందని చెబితే అతని మొహం నిజంగా చిన్నబోయింది.

"నీ కోసమే కొన్నాను గదా బావా! పలాస మొత్తంలో ఇలాటిది లేదు. ఎనక్కి వాల్తాది, గుండ్రంగా తిరుగుతాది. ఇప్పుడిది ఏటి సెయ్యాలి?"

"నువ్వే కూర్చో."

వాకిట్లోనే దింపించి కూర్చున్నాడు. రెండు చుట్లు తిరిగాడు. వాళ్లక్క మూడో చుట్టు తిప్పింది. నన్నూ ఒకసారి కూర్చోమన్నారు. కూర్చున్నానో లేదో ఇక్కడ రాయవలసిన అవసరం లేదు.

పనిలోకి వస్తున్నవాళ్లకి

మీరు అడిగే కుర్చీలో ఉంటే, మనిషి చెప్పిన కారణం చిన్నదని నవ్వకండి. పెద్ద కారణాలు చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఎక్కడో నేర్చుకుని వచ్చినవాళ్లే. పండగ, క్యారేజీ, కుర్చీ అన్నవాడు మాత్రం, తన దగ్గర ఏది ముట్టుకోకూడదో మీకు ముందే చెప్పేస్తున్నాడు. దాన్ని గోడకి అంటించుకోండి. ఆ మనిషి మిమ్మల్ని వదిలి వెళ్లడు.

చెప్పే కుర్చీలో ఉంటే, నిజం చెప్పండి, పొట్టిగా చెప్పండి. పాత మేనేజర్ని తిట్టకండి. మా జనరల్ మేనేజరు చెడ్డవాడు కాదు, ఆయనకి కుర్చీ అంటే కుర్చీయే. నేను రాజీనామా కాగితం మీద రాయాల్సిన ఒక్క వాక్యం ఆయనకి రాసుంటే, ఆ నాలుగు నెలలు ఉండేవే కావు. అది నా తప్పు. ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. మా వంశంలో ఇదే రికార్డు, ఇంతకంటే త్వరగా ఎవరూ ఏదీ ఒప్పుకోలేదు.

కొత్త ఉద్యోగంలో చేరిన నెలకి, ఒక ఆదివారం పొద్దున్న, మా ఇంటి గేటు గొళ్లెం చప్పుడైంది. నేను వసారాలో పేపరు చదువుతున్నాను. మేకలేమోననుకున్నాను గానీ మేకలు గేటు దగ్గరికి రావు. తలెత్తి చూస్తే మిల్లు వాచ్‌మన్ అప్పన్న. ఉతికిన చొక్కా వేసుకుని, గేటు అవతల నిలబడి ఉన్నాడు. అటు పది అడుగులు, ఇటు పది అడుగులు అంతా ఖాళీ. అయినా అక్కడే నిలబడి ఉన్నాడు.

"రావొచ్చా బాబూ?" అన్నాడు.

వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను.

"గౌరమ్మ సెప్పినాది బాబూ. ఆ పోయిన పెద్దాయన తమరేనట. నాకు తెల్దు. కుర్సీ తెచ్చీమంటే రేపే బండి మీద తెచ్చీస్తాను. ఉంచుకోమంటే ఉంచుకుంటాను. ఏటి సెయ్యమంటారు?"

నేను గొళ్లెం తీశాను. అప్పన్న లోపలికి వచ్చి, వెనక్కి తిరిగి, తనే మళ్లీ గొళ్లెం పెట్టాడు.

కుర్చీ ఇప్పటికీ అతని దగ్గరే ఉంది.